గేమ్ కన్సోల్‌లో పాటలు కొని వినడం: ఎంతవరకు కుదురుతుంది?

#1 వేణునాదం

అందరికీ నమస్తే. హాల్లో టీవీ కింద సోనీ ప్లేస్టేషన్ 4 (పీఎస్4) ఉంది. దాని పక్కన యాంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు. ఇంట్లో అన్నిటికంటే మంచి సౌండ్ వచ్చేది అక్కడే. ఫోన్‌లో పాట వింటే నాకు తృప్తి ఉండదు. ఇన్నాళ్లూ సీడీలే కొన్నాను, ఇప్పుడు డిజిటల్‌కి మారదామని ఉంది.

నా ప్రశ్నలు ఇవి. కన్సోల్ స్టోర్‌లోనే ఆల్బమ్ కొని, అందులోనే దాచుకుని వినే వీలుందా? ఆట ఆడుతున్నప్పుడు వెనకాల నా పాటలే మోగించుకోవచ్చా? అటక మీద మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 ఉంది, అప్పట్లో బోలెడు సీడీలు దాని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాను. అవి బయటికి వస్తాయా?

స్ట్రీమింగ్ తీసుకోమనేవాళ్లు తప్పకుండా చెప్పండి, వింటాను. కానీ కొనుక్కున్న పాట నా దగ్గర ఉండాలన్నది నా కోరిక.

#2 లెవెల్_99

బ్రదర్, పీఎస్4లో స్పాటిఫై అనే స్ట్రీమింగ్ యాప్ ఉంది, దించుకోండి, పని అయిపోయినట్టే. ఆట ఆడుతుండగా వెనకాల మోగుతుంది. పీఎస్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే క్విక్ మెనూ వస్తుంది, అక్కడే పాట మార్చుకోవచ్చు, వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. ఫోన్‌లోని స్పాటిఫై నుంచి కూడా కంట్రోల్ చేయొచ్చు. ఫోన్ రిమోట్ అవుతుంది, పాట మాత్రం కన్సోల్ నుంచే వస్తుంది.

పీఎస్5లో అయితే ఆపిల్ మ్యూజిక్ 2021 అక్టోబరు నుంచి ఉంది, ఏడాది తర్వాత ఎక్స్‌బాక్స్‌కీ వచ్చింది. కోట్ల పాటలు చేతిలో ఉండగా ఒక్కో ఆల్బమ్ కొనడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

#3 పాతకార్ట్రిడ్జ్

వేణు గారూ, మొదటి ప్రశ్నకు సూటిగా చెప్తాను. ఇవాళ కన్సోల్ స్టోర్లలో పాటల దుకాణం అంటూ లేదు. ఒకప్పుడు ఉండేది. దాని కథ తెలిస్తే మీరు డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

మైక్రోసాఫ్ట్ వాళ్ల జ్యూన్ స్టోర్‌లో పాట ధర 79 పాయింట్లు ఉండేది. 80 పాయింట్లంటే ఒక డాలరు. పాయింట్లు ప్యాక్‌లుగానే అమ్మేవాళ్లు, అందుకని ఎప్పుడూ ఎంతో కొంత ఖాతాలో వాడకుండా మిగిలేది. 2012 అక్టోబరులో జ్యూన్ పేరు తీసేసి ఎక్స్‌బాక్స్ మ్యూజిక్ అన్నారు. 360లో అది వాడాలంటే మ్యూజిక్ పాస్ అనే పాటల చందా ఒక్కటీ చాలదు, కన్సోల్ ఆన్‌లైన్ సేవ లైవ్ గోల్డ్ సభ్యత్వం కూడా ఉండాలి. 2015లో మళ్లీ పేరు మార్చి గ్రూవ్ అన్నారు. 2017 డిసెంబరు 31తో పాస్‌తో పాటు పాటల అమ్మకమూ ఆగిపోయింది. కొన్న పాటలేమైనా ఉంటే ఆ లోపు దించుకోమన్నారు, నెలనెలా కట్టేవాళ్లకు స్పాటిఫైకి మారే దారి చూపించారు.

సోనీ అయితే కన్సోల్‌లో చందా దారి పట్టింది. మ్యూజిక్ అన్‌లిమిటెడ్ 2010 డిసెంబరులో బ్రిటన్, ఐర్లండ్‌లలో మొదలై తర్వాత ఇతర దేశాలకు వెళ్లింది. 2015 మార్చి 29న దాన్ని మూసేశారు. మర్నాడే స్పాటిఫైతో కలిసి ప్లేస్టేషన్ మ్యూజిక్ తెచ్చారు, పీఎస్3కి, పీఎస్4కి.

అంటే కన్సోల్‌లు తయారుచేసే రెండు పెద్ద కంపెనీలూ సొంతంగా పాటల వ్యాపారం చేసి చూసి, చివరికి బయటివాళ్లకే అప్పగించాయి. కన్సోల్ అమ్మేవాళ్ల దృష్టి ఎప్పుడూ వచ్చే కన్సోల్ మీదే ఉంటుంది. పాటలు కొనేవాడి చూపు ఇరవై ఏళ్ల దూరంలో ఉంటుంది. ఈ రెండిటికీ పొత్తు కుదరదు. అందుకే నా మాట ఒక్కటే: పాట కొనేది వేరే చోట, మోగించేది కన్సోల్‌లో.

#4 శ్రుతి_లయ

పాతకార్ట్రిడ్జ్ గారు చెప్పినదానికి నా వంతు పని చెప్తాను: ఎలా మోగించాలి అన్నది.

వేణు గారూ, పీఎస్4లో యూఎస్‌బీ మ్యూజిక్ ప్లేయర్ ఉంది. కన్సోల్ 2013 నవంబరులో వచ్చినప్పుడు ఈ సౌకర్యం లేదు, ఎంపీ3 కూడా మోగేది కాదు. జనం గట్టిగా అడిగాక 2014 అక్టోబరులో వచ్చిన 2.00 అప్‌డేట్‌తో ఇచ్చారు. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి దాని పేరు ఇంగ్లిష్‌లో మ్యూజిక్ అని పెట్టాలి. ఇది ముఖ్యం. పాటలన్నీ ఆ ఫోల్డర్ లోపల ఉండాలి, దాని బయట పడేస్తే ప్లేయర్‌కి కనిపించవు. ఆల్బమ్‌కి ఒకటి చొప్పున లోపల మళ్లీ ఫోల్డర్లు పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాలి. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే పీఎస్4 అసలు చదవదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, కన్సోల్ పాడైందనుకుని టెన్షన్ పడతారు.

ఎంపీ3, ఏఏసీ, ఫ్లాక్ అనే మూడు రకాల ఫైళ్లూ మోగుతాయి. ఆట నడుస్తుండగా కూడా మోగుతాయి, క్విక్ మెనూలోనే పాట మార్చుకోవచ్చు.

మీకు మంచి స్పీకర్లు ఉన్నాయి కాబట్టి ఫ్లాక్ తీసుకోండి. సీడీ మీద సౌండ్ సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. లెక్క కడితే సెకనుకు సుమారు 1411 కిలోబిట్లు. నాలుగు నిమిషాల పాట అలాగే దాస్తే 42 ఎంబీ దాకా అవుతుంది. 320 కిలోబిట్ల ఎంపీ3 చేస్తే 10 ఎంబీ లోపే. ఫ్లాక్ ఆ రెండిటికీ మధ్యలో ఉంటుంది, కానీ ఒక్క బిట్ కూడా పోదు. ఇప్పటి పెన్‌డ్రైవ్‌ల సైజుకి ఆ తేడా లెక్కలోది కాదు.

#5 వేణునాదం

చాలా థాంక్స్ అండీ. ఇది నాకు కావలసిన సమాధానమే. ఒక చిన్న సందేహం: నా దగ్గర సీడీలు ఉన్నాయి కదా, అవే నేరుగా పీఎస్4లో పెడితే? నిన్న ఒకటి పెట్టి చూశాను, డిస్క్ లోపలికి వెళ్లింది గానీ మోగలేదు. డ్రైవ్ పోయిందా?

#6 పాతకార్ట్రిడ్జ్

డ్రైవ్‌కి ఏమీ కాలేదు. పీఎస్4 ఆడియో సీడీ చదవదు, పీఎస్5 కూడా అంతే. సీడీ చదవడానికి 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్ కావాలి. డీవీడీకి 650 ఎరుపు, బ్లూరేకి 405 ఊదా రంగు. ఒక్కో డిస్క్‌లో గుంటల సైజు వేరు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో కాంతి. పీఎస్4లో పెట్టింది బ్లూరే, డీవీడీలకే.

పాత పీఎస్3 అయితే ఆడియో సీడీ చదవడమే కాదు, హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకునేది కూడా. తొలి మోడళ్లు సూపర్ ఆడియో సీడీలను సైతం మోగించేవి. 2007లో 40 జీబీ మోడల్ వచ్చినప్పుడు సూపర్ ఆడియో సీడీ సౌకర్యాన్ని తీసేశారు. ఎక్స్‌బాక్స్ వన్ కూడా ఆడియో సీడీ మోగిస్తుంది, కానీ లోపలికి కాపీ చేసుకోనివ్వదు.

#7 నిద్రలేని_రాత్రి

పీఎస్1 గురించి ఎవరూ ఎత్తలేదేంటి? వెనక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ జాక్‌లు ఉండే మొదటి మోడల్‌ని ఇప్పటికీ సీడీ ప్లేయర్‌గా వాడేవాళ్లు ఉన్నారు. ఎస్‌సీపీహెచ్-1001 అని అడుగున రాసి ఉంటుంది. తర్వాతి మోడళ్లలో ఆ జాక్‌లు తీసేశారు.

#8 పాతకార్ట్రిడ్జ్

దాని సౌండ్ గురించి నెట్‌లో చాలా గొప్పగా రాశారు. నేను ఇష్టంగా విన్నాను, బాగుంటుంది. అంతకుమించి ఎక్కువ డబ్బు పోసి వెతికి కొనమని మాత్రం ఎవరికీ చెప్పను.

సీడీ కాలం గురించి నాకు నచ్చే విషయం ఇంకోటి ఉంది. కన్సోల్‌కీ మీ పాటకీ మధ్య అప్పట్లో ఏ గోడా ఉండేది కాదు. పీఎస్1లో విబ్-రిబ్బన్ అని 1999లో ఒక ఆట వచ్చింది. తెర నిండా నలుపు, మధ్యలో ఒక తెల్ల గీత, దాని మీద గీతలతోనే గీసిన కుందేలు నడుస్తూ ఉంటుంది. ఆట మొత్తం మెమరీలోకి ఎక్కేశాక డిస్క్ తీసేసి మీ సొంత ఆడియో సీడీ పెట్టొచ్చు. ఆట ఆ పాటను చదివి, దాని దరువును బట్టి గీతలో గుంతలు, మెలికలు, ముళ్లు పుట్టిస్తుంది. నెమ్మది పాట పెడితే కుందేలు తీరిగ్గా నడుస్తుంది, జోరు పాట పెడితే ఊపిరి సలపదు. మీరు కొన్న ప్రతి సీడీ ఒక కొత్త లెవెల్ అన్నమాట. స్ట్రీమింగ్ పాటలతో ఇలాంటిది చేయాలంటే ఇవాళ ఎన్ని అనుమతులు కావాలో ఆలోచించండి.

2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో 8 జీబీ హార్డ్‌డిస్క్ ఉండేది. సీడీ పెట్టి అందులోకి ఎక్కించుకుంటే కొన్ని ఆటల్లో ఆ పాటలే నేపథ్య సంగీతం అయ్యేవి. 360లో ఆ పని ఇంకా బాగా చేశారు. ఏ ఆటైనా సరే, మధ్యలో గైడ్ బటన్ నొక్కి మీ పాటలు పెట్టుకోవచ్చు. అది ఆట చేసినవాళ్ల దయ మీద ఆధారపడలేదు, సిస్టమ్‌లోనే ఉంది. పీఎస్3లో 2008 తర్వాత ఆట మధ్యలో పాటలు వచ్చినా, ఆ ఆట తయారుచేసినవాళ్లు ఒప్పుకుంటేనే.

#9 కీర్తన_కె

నేను ఈ చర్చ చదువుతూ ఉండిపోయాను, ఒక మాట చెప్పాలనిపించింది. ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో నేను చాలా పాటలు కొన్నాను. పేరు రాయను. ఆ పాటలకు డీఆర్ఎమ్ తాళం ఉండేది. పాట మోగాలంటే ప్లేయర్ వాళ్ల సర్వర్‌ని అడిగి లైసెన్స్ తెచ్చుకోవాలి. స్టోర్ మూతపడ్డాక నేను కన్సోల్‌ని రీసెట్ చేయాల్సి వచ్చింది. పాటల ఫైళ్లు బ్యాకప్‌లో పదిలంగా ఉన్నాయి, పేర్లు కనిపిస్తున్నాయి, ఆల్బమ్ బొమ్మలు కనిపిస్తున్నాయి, నొక్కితే మాత్రం మోగవు. లైసెన్స్ ఇచ్చే సర్వర్ లేదు మరి.

అందులో మా అమ్మకు ఇష్టమైన పాటలు ఉన్నాయి, ఏరి ఏరి కొన్నవి. మళ్లీ కొన్నాను, ఈసారి తాళం లేని ఫైళ్లుగా. వేణు గారూ, కొనేముందు ఒక్కటి చూసుకోండి: ఆ ఫైల్‌ని ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో పెడితే మోగుతుందా? మోగితేనే కొన్నట్టు.

#10 లెవెల్_99

కీర్తన అక్కా, చదివి బాధేసింది. కానీ ఇదే నా పాయింట్ కూడా. స్ట్రీమింగ్‌లో కొన్నామన్న భ్రమ ఉండదు. నెలకింత కడతాం, వింటాం. సర్వీస్ మూసేస్తే ఇంకోదానికి వెళ్తాం. పోయేది ప్లేలిస్ట్ ఒక్కటే, దాన్ని కూడా మార్చుకునే యాప్‌లు ఉన్నాయి. పాతకార్ట్రిడ్జ్ గారు చెప్పిన గ్రూవ్ కథలో నెలనెలా కట్టినవాళ్లకు స్పాటిఫై దొరికింది, ఇబ్బంది పడింది కొన్నవాళ్లే కదా?

#11 శ్రుతి_లయ

లెవెల్ తమ్ముడూ, సగం ఒప్పుకుంటాను. తాళం వేసిన ఫైల్ కొనడం కంటే స్ట్రీమింగ్ నయం. కానీ ఆ తాళాల రోజులు పోయాయి. ఐట్యూన్స్ స్టోర్ 2009లోనే పాటల మీద డీఆర్ఎమ్ ఎత్తేసింది, ఇప్పుడు అక్కడ కొన్న 256 కిలోబిట్ల ఏఏసీ ఫైల్ పీఎస్4 యూఎస్‌బీ ప్లేయర్‌లో మోగుతుంది. బ్యాండ్‌క్యాంప్‌లో కొంటే ఫ్లాక్, ఎంపీ3, ఏఏసీల్లో కావలసింది దించుకోవచ్చు. కోబజ్ కూడా ఫ్లాక్ అమ్ముతుంది.

ఇక స్ట్రీమింగ్‌లో పోయేది ప్లేలిస్ట్ ఒక్కటే అన్నావు. లైసెన్స్ ముగిస్తే పాట కూడా పోతుంది, చెప్పకుండా పోతుంది. ఇది స్ట్రీమింగ్‌కే పరిమితం కాదు, ఆటల్లోనూ జరిగింది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4 ఆట 2008లో వచ్చింది. అందులోని కారు రేడియో పాటలకు పదేళ్ల లైసెన్స్. 2018 ఏప్రిల్‌లో అప్‌డేట్ ఇచ్చి చాలా పాటలు తీసేశారు. డబ్బు పెట్టి ఆట కొన్నవాళ్ల దగ్గర నుంచి కూడా. అలాన్ వేక్ అయితే పాటల హక్కులు ముగిశాయని 2017 మేలో అమ్మకమే ఆపేశారు, మళ్లీ హక్కులు తెచ్చుకుని 2018 అక్టోబరులో పెట్టారు.

ఒక పాటకు రెండు హక్కులు ఉంటాయి. పాట రాసి బాణీ కట్టినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్ ఎవరిదో వాళ్లది ఇంకొకటి. ఆటలో వాడాలంటే ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతులకు గడువులు ఉంటాయి. గడువు ముగిసిన రోజున ఎవరో ఒకరు కాదంటే అంతే. నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫ్లాక్‌కి గడువు లేదు. నేను స్ట్రీమింగ్ కూడా వాడతాను, కొత్త పాటలు వెతకడానికి. గుండెకు దగ్గరైన ఆల్బమ్‌లు మాత్రం కొంటాను.

#12 లెవెల్_99

ఫోర్త్ పార్ట్ నుంచి పాటలు తీసేశారన్న సంగతి నాకు తెలియదు అక్కా. కొన్న ఆటలోంచి తీసేయడం అన్యాయం. అది ఒప్పుకుంటా. స్ట్రీమింగ్ మాత్రం వదలను, రోజూ కొత్తవి వినే నాలాంటివాడికి ప్రతిదీ కొనడం కుదరని పని.

#13 డ్రమ్స్_బాబాయ్

కన్సోల్‌లో పాటలు కొనడం అంటుంటే, ప్లాస్టిక్ గిటార్, డ్రమ్స్‌తో పాటలు వాయించే ఆట రాక్‌బ్యాండ్ పేరెత్తకుండా ఎలాగండీ! నాకు తెలిసి కన్సోల్‌లో పాటల దుకాణం అంటే నిజంగా సందడిగా నడిచింది అదే. 2007లో ఆట మొదలైనప్పటి నుంచీ ఏళ్ల తరబడి వారం వారం కొత్త పాటలు పెట్టారు. రాక్‌బ్యాండ్ 4కి 2024 జనవరి దాకా కొత్త పాటలు వచ్చాయి. సోనీవాళ్ల పాటలు పాడే ఆట సింగ్‌స్టార్‌కి కూడా సింగ్‌స్టోర్ అని ఉండేది, దాన్ని 2020 జనవరి 31న మూసేశారు.

అక్కడ కొన్నది మామూలు పాట కాదు. గిటార్, బేస్, డ్రమ్స్, గొంతు వేరువేరు ట్రాకులుగా వస్తాయి. మీరు డ్రమ్ కొట్టడం తప్పితే ఆ దెబ్బ పాటలో వినిపించదు. ఇది చదివితే చిన్న విషయంలా ఉంటుంది, ఆడితే తెలుస్తుంది. ఏళ్ల నుంచి విన్న పాటలో ఒక మూల బేస్ గిటార్ ఏం చేస్తోందో నాకు తెలిసింది ఈ ఆటలోనే. రెండో చరణంలో డ్రమ్మర్ హైహ్యాట్ తాళం వదిలేసి రైడ్ తాళం మీదికి వెళ్లాడని చేతులు చెప్తాయి. అప్పటి నుంచి పాట వినే తీరే మారిపోయింది నాకు.

దాచుకునే సంగతికొస్తే, వీళ్లు ఒక మంచి పని చేశారు. 360లో కొన్న పాటలు ఎక్స్‌బాక్స్ వన్‌లో రాక్‌బ్యాండ్ 4లోకి వచ్చాయి, పీఎస్3లో కొన్నవి పీఎస్4లోకి వచ్చాయి, మళ్లీ కొనక్కర్లేకుండా. కానీ ఆ ఆట బయట అవి మోగవు. పెన్‌డ్రైవ్‌లోకి తీసి కారులో వినలేరు. అందుకని వేణు గారూ, వాయించడానికి ఇవి, వినడానికి ఫైళ్లు.

#14 వేణునాదం

బాబాయ్ గారూ, మీ పోస్ట్ చదివి ప్లాస్టిక్ డ్రమ్ సెట్ కోసం వెతకాలనిపిస్తోంది! 360 సంగతి ఎవరైనా చెప్తారా? పవర్ ఇచ్చి చూశాను, ఆన్ అవుతోంది, పాటలన్నీ ఉన్నాయి.

#15 పాతకార్ట్రిడ్జ్

360లోకి ఎక్కించిన సీడీలు హార్డ్‌డిస్క్ మీద డబ్ల్యూఎంఏ ఫైళ్లుగా ఉంటాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే ఆప్షన్ ఇవ్వలేదు. లోపలికి దారి ఉంది, బయటికి లేదు. సీడీలు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి కంప్యూటర్‌లో మళ్లీ రిప్ చేసుకోవడమే (సీడీలోని పాటలను ఫైళ్లుగా తీసుకోవడమే) మంచిది, ఫ్లాక్‌లో చేస్తే సౌండ్ కూడా దానికంటే బాగుంటుంది.

అలాగని 360ని మళ్లీ అటక ఎక్కించకండి. దాని స్టోర్ 2024 జూలై 29న మూతపడింది, కానీ డిస్క్ ఆటలు ఆడుకోవచ్చు, లోపల ఉన్న పాటలు మోగుతాయి, పెన్‌డ్రైవ్ పాటలూ మోగుతాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండాలి, ఫ్లాక్ పనిచేయదు, ఎంపీ3 పెట్టండి. పాట పెట్టి విజువలైజర్ ఆన్ చేయండి. దాని పేరు నియాన్, చేసింది ఆటలు తయారుచేసే జెఫ్ మింటర్. 1995లో అటారీ జాగ్వార్ కన్సోల్ సీడీ డ్రైవ్‌కి వర్చువల్ లైట్ మెషీన్ అనే విజువలైజర్ చేసింది కూడా ఆయనే. పాట లయకు తెర మీద రంగులు పొరలు పొరలుగా విచ్చుకుంటాయి, కంట్రోలర్ కర్రలు తిప్పితే మీ చేతితో వాటిని మలచొచ్చు. పెద్ద టీవీ మీద, లైట్లు ఆర్పి చూడండి. ఇప్పటి మ్యూజిక్ యాప్‌లలో ఆల్బమ్ బొమ్మ ఒక్కటి పెట్టి ఊరుకుంటున్నారు. ఇంత శక్తి ఉన్న మెషీన్ల మీద ఇలాంటిది ఎందుకు చేయరో నాకు నిజంగా అర్థం కాదు.

#16 మోడరేటర్

360 హార్డ్‌డిస్క్ విప్పి ఫైళ్లు లాగే పద్ధతుల గురించి, ఉచిత పాటల సైట్ల గురించి మెసేజ్‌లు పంపుతున్నారు. అవి ఇక్కడ వద్దు. సొంత సీడీలు, కొన్న ఫైళ్లు, సర్వీసుల వరకే మాట్లాడుకుందాం.

#17 నిద్రలేని_రాత్రి

నింటెండో సంగతి నేను చెప్తా, తొందరగా అయిపోతుంది. వాళ్ల చేతి కన్సోల్ డీఎస్ఐలో ఎస్‌డీ కార్డ్ నుంచి ఏఏసీ మాత్రమే మోగేది, ఎంపీ3 కాదు. 3డీఎస్‌లో రెండూ మోగాయి, మూత మూసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పాట నడుస్తూనే ఉండేది. స్విచ్‌కి వచ్చేసరికి పాటల ప్లేయరే లేదు. 2024 అక్టోబరులో నింటెండో మ్యూజిక్ తెచ్చారు, వాళ్ల ఆటల సంగీతమే, అదీ ఫోన్ యాప్. స్విచ్ ఆన్‌లైన్ సభ్యత్వం ఉండాలి, కానీ వినేది మాత్రం స్విచ్‌లో కాదు.

ఆటల సంగీతం కొనాలనుకుంటే కంప్యూటర్ ఆటల స్టోర్ స్టీమ్ బెటర్. 2020 జనవరి నుంచి ఆట కొనకుండానే సౌండ్‌ట్రాక్ విడిగా కొనుక్కోవచ్చు. ఫైళ్లు ఫోల్డర్‌లోకి దిగుతాయి, తీసి ఎక్కడైనా పెట్టుకోండి.

#18 వేణునాదం

టీవీ ఆపేసి పాటలు మాత్రమే వినాలంటే? పాటల కోసం అంత పెద్ద తెర వెలుగుతూ ఉండటం నాకు నచ్చట్లేదు. కరెంట్ కూడా దండగ.

#19 శ్రుతి_లయ

అది మీ వైరింగ్‌ని బట్టి ఉంటుంది. సౌండ్ టీవీలోంచి యాంప్లిఫయర్‌కి వెళ్తుంటే టీవీ ఆన్‌లో ఉండక తప్పదు. మీది మొదటి రకం పీఎస్4 గానీ ప్రో గానీ అయితే వెనక ఆప్టికల్ ఔట్ ఉంటుంది. చిన్న చతురస్రపు రంధ్రం, దానికి తలుపులా ఒక మూత. అక్కడి నుంచి కేబుల్ నేరుగా యాంప్లిఫయర్‌కి ఇచ్చి, సెట్టింగ్స్‌లో ఆడియో ఔట్‌పుట్ డిజిటల్ ఔట్‌కి మార్చండి. ఇక టీవీ ఆపేసినా పాట ఆగదు. మీ యాంప్లిఫయర్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉందో లేదో ముందు చూసుకోండి. పీఎస్4 స్లిమ్‌లో, పీఎస్5లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ మెషీన్లలో ఆప్టికల్ లేదు. వాటికి హెచ్‌డీఎమ్ఐ తీసుకునే యాంప్లిఫయర్ కావాలి.

టీవీ లేకుండా పెన్‌డ్రైవ్ పాటలు ఎంచుకోవడం కష్టం. పాట పెట్టాక టీవీ ఆపండి. ఒక్క జాగ్రత్త: టీవీ ఆపితే కన్సోల్ కూడా ఆగిపోతుంటే, హెచ్‌డీఎమ్ఐ డివైస్ లింక్ అనే సెట్టింగ్ ఆఫ్ చేయాలి. ఈ విషయంలో మాత్రం స్పాటిఫై నిజంగా హాయి, ఫోన్ నుంచే అంతా నడుస్తుంది. లెవెల్ తమ్ముడికి ఒక పాయింట్.

రాత్రిపూట అయితే కంట్రోలర్‌లోనే హెడ్‌ఫోన్ పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో డివైసెస్, ఆడియో డివైసెస్‌కి వెళ్లి, హెడ్‌ఫోన్‌కి అవుట్‌పుట్ దగ్గర ఆల్ ఆడియో పెట్టాలి. అది చాట్ ఆడియో మీద ఉంటే పాట హెడ్‌ఫోన్‌లో వినిపించదు.

కరెంట్ గురించి మీరన్నది నిజమే. మొదటి పీఎస్3 ఆట నడుస్తున్నప్పుడు 200 వాట్ల దగ్గర లాగేది, తర్వాతి మోడళ్లు బాగా తగ్గాయి. అయినా పాట ఒక్కదానికే కన్సోల్ ఆన్ చేస్తే ఫోన్ కంటే ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. రోజంతా పాటలు మోగే ఇల్లు అయితే పాటలు మోగించడానికే ఉండే చిన్న స్ట్రీమర్ బాక్స్ కొనడం మేలు. ఆటతో పాటు పాట అయితే కన్సోలే సరి.

#20 డ్రమ్స్_బాబాయ్

ఆట లైవ్ పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక మాట. వెనకాల మీ పాటలు మోగుతుండగా లైవ్ ఇవ్వకండి. మీరు కొన్న పాటైనా సరే, వినే హక్కు వేరు, జనానికి వినిపించే హక్కు వేరు. 2020లో లైవ్ వీడియోల సైట్ ట్విచ్‌లో కాపీరైట్ నోటీసులు వెల్లువలా వచ్చినప్పుడు పాత వీడియోలన్నీ తీసేసుకున్నవాళ్లు ఎందరో. పీఎస్4 స్పాటిఫై సౌండ్‌ని రికార్డింగ్‌లోకి రానివ్వదు, దాని వల్ల కొంత రక్షణ. పక్కన వేరే స్పీకర్‌లో పెట్టి మైక్‌లోకి వెళ్తే మాత్రం దాన్నెవరూ ఆపలేరు.

#21 వేణునాదం

పెన్‌డ్రైవ్ పని చేసింది! ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, మ్యూజిక్ ఫోల్డర్ పెట్టి, బ్యాండ్‌క్యాంప్‌లో కొన్న ఒక వయొలిన్ ఆల్బమ్ ఫ్లాక్‌లో వేశాను. కారు రేసు ఆడుతుంటే వెనకాల వయొలిన్. ఆటలోని సంగీతం సౌండ్ సున్నా చేసి ఇంజన్ చప్పుడు సగానికి తగ్గించాను, అద్భుతంగా కుదిరింది. ఆప్టికల్ కేబుల్ ఆర్డర్ పెట్టాను. కీర్తన గారు చెప్పినట్టు నెట్ తీసేసి కంప్యూటర్‌లో కూడా వినిచూశాను, మోగింది.

ఇక సీడీలు రిప్ చేయాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు మీరంతా?

#22 కీర్తన_కె

విండోస్ అయితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ. మ్యాక్ అయితే ఎక్స్‌ఎల్‌డీ. రెండూ మీ రిప్‌ని ఆక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌తో పోల్చి చూస్తాయి. అదే సీడీని రిప్ చేసిన మిగతావాళ్ల ఫలితం, మీది ఒకటే అయితే సరిగ్గా వచ్చిందని చెప్తాయి. గీతలు పడ్డ డిస్క్ ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు ఒక సీడీ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి పీఎస్4లో పాట పేర్లు, ఆల్బమ్ బొమ్మ సరిగ్గా కనిపిస్తున్నాయో చూడండి. లేకపోతే ట్యాగులు (ఫైల్ లోపల ఉండే పాట పేరు, ఆల్బమ్ వివరాలు) సరిచేసి, అదే పద్ధతిలో మిగతావి చేయండి. 360కి కావలసిన ఎంపీ3లను ఆ ఫ్లాక్‌ల నుంచే చేసుకోవచ్చు, సీడీ మళ్లీ పెట్టక్కర్లేదు. మొత్తం అయ్యాక ఇంకో హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ ఉంచి, దాన్ని వేరే గదిలో పెట్టండి.